నడుం దోస్తుల అక్క

మొన్న పొద్దున ఫోన్‌లో ఆమె నంబరు మీద ఎవరిదో కొత్త ఫొటో కనపడింది. గళ్ళ చొక్కా వేసుకుని ట్రాక్టర్ పక్కన నిలబడ్డ మనిషి. ఆమె పోయి ఏడాది దాటింది. సెలవు పెట్టి పరిగిలో బిడ్డ ఇంటికి పోయి, అక్కడ గుండె ఆగి పోయింది. వాడకుండా పడి ఉన్న నంబరును కంపెనీ వాళ్ళు ఇంకొకరికి ఇస్తారని నాకు తెలియక కాదు. అయినా ఆ ట్రాక్టర్ మనిషి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. దొరలుగా మా తాతలు కట్టిన గడిలో పరాయివాళ్ళు ఎరువుల బస్తాలు పెట్టుకున్ననాడు కూడా నాకంత కోపం రాలేదు.

అప్పటినుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. ఇది కూడా కూర్చుని రాస్తున్నది కాదు. వికారాబాద్‌లో నేను అద్దెకుంటున్న మేడమీది వాటాలో, వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. నాలుగు వాక్యాలు రాయడం, వరండా చివరిదాకా పోయి రావడం.

నా జబ్బు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. దాని పేరు పొడుగుది, డాక్టర్లు ‘ఏఎస్’ అని కుదించి చెబుతారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే వాతం. వేరే నొప్పులు పడుకుంటే తగ్గుతాయి. ఇది పడుకుంటే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. పొద్దున లేచేసరికి మనిషి మొద్దులా ఉంటాడు. కొన్నేళ్ళకు మెడ తిరగడం మానేస్తుంది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషే తిరగాలి. మా ఊళ్ళో నా మెడ తిరగకపోవడాన్ని దొరతనం అనుకున్నారు. నేను కాదనలేదు. జబ్బు మనిషి అనిపించుకోవడం కంటే అదే నయం అనిపించింది.

తాండూరు కోర్టులో మా భూమి కేసు ఒకటి నడుస్తోంది. వాయిదాకని ఒకనాడు వికారాబాద్‌లో బస్సెక్కాను. ఎవరో పాత మనిషి “దండం దొరా” అని పక్కకు జరిగి కిటికీ సీటు ఇచ్చాడు. బస్సు కదిలాక వెనకనుంచి “టికెట్” అని వినపడింది. తిరిగాను. నల్లగా, ఎత్తుగా, జుట్టు బిగించి ముడివేసిన కండక్టరమ్మ. ఆమె నా చేతిలోని నోటు వైపు చూడలేదు. నా భుజాల వైపు చూసింది.

“ఎన్నేండ్ల సంది?” అంది.

“ఏంది?”

“గట్ల తిరుగుడు.”

“ఏం లేదు. మెడ పట్టింది.”

“మెడ పడితె మెడ తిరగది. మీకు నడుం గూడ తిరుగుత లేదు.” టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని, నేను తిరిగినట్టే ఆమె కూడా తిరిగి చూపించింది. బీరువా తలుపు తెరుచుకున్నట్టు, ఒకే చెక్కగా. “చూసిండ్రా? నాది గూడ గదే బాపతు. లేవుండ్రి దొరా.”

“సీటుంది గదా.”

“సీటుంటే కూసోవాల్నా? తాండూరు దాంక గిట్లనె కూసుంటే రేపు పొద్దున మంచం మీదికెల్లి ఎవలు లేపాలె మిమ్మల్ని?”

బస్సులో సగం మంది మమ్మల్నే చూస్తున్నారు. ఒక కండక్టరు లేవమంటే లేచే ఇంట్లో పుట్టలేదు నేను. కానీ ఆమె చెప్పిన పొద్దుటి సంగతి నిజం. లేచాను. ధారూర్ దాటాక నడుములో ఏదో ముడి వీడింది. తాండూరులో దిగేటప్పుడు మెట్టు మీద తడుముకోలేదు.

దిగబోతుంటే చెయ్యి చాపింది. “ఫోన్ ఇటియ్యుండ్రి.”

“నా పేరు ఎక్కడా పెట్టొద్దు.”

“పేరెందుకు? జబ్బు పేరు జూసి వస్తదా?” అని తనే ఏదో నొక్కి, నన్ను ‘నడుం దోస్తులు’ అనే వాట్సాప్ గుంపులో చేర్చేసింది. చేర్చి ఇంకో మాట కూడా అంది. “నన్ను బస్సులకెల్లి తీసి కుర్సీల కూసోబెట్టిన్నాడు నా పని ఖతం. రిటైరయ్యె దాంక గిట్లనె నిలబడి తిరగాలె. గంతే నాకు గావాల్సింది.”

ఆమెకు ఇంకేం కావాలో నాకు తెలియదు. నాకు తెలిసినంతలో ఆమె అడిగింది అదొక్కటే.

ఆ గుంపులో నలభై యాభై మంది ఉండేవారు. అందరూ మా జిల్లా వాళ్ళే. ఒక పెద్ద డాక్టరు దగ్గర హైదరాబాద్‌లో వరసలో నిలబడి ఒకరినొకరు గుర్తుపట్టి మొదలుపెట్టారట. చాలామందికి చదువు అంతంత మాత్రం, అందుకని రాతలు తక్కువ, గొంతులు ఎక్కువ. పొద్దున్నే ఆమె గొంతు వచ్చేది. పలకరింపు ఉండదు. వెనక ఇంజను రొద, హారన్, ఎవరిదో దగ్గు. “ఎంతసేపు పట్టింది?” అంతే. ఆ పొద్దు బిగుసుకున్న నడుము వదలడానికి ఎంతసేపు పట్టిందని అర్థం.

దానికి జవాబు చెప్పే పద్ధతి ఒకటుంది. గడియారం చూసి చెప్పకూడదు. ఏ పని అయ్యేదాకా పట్టిందో చెప్పాలి. కోట్‌పల్లి దగ్గర గొర్లు కాసే మల్లేశం, “దొడ్డికెల్లి గొర్లన్ని బైటికొచ్చె దాంక” అనేవాడు. తాండూరులో నాపరాళ్ళు పాలిష్ పట్టే రఫీక్ భాయ్, “ఫజర్ నమాజ్ అయిపోయి, చాయ్ తాగె దాంక.” బొంరాస్‌పేట నుంచి ఒక కోడలు పిల్ల, “వాకిలూడిసి అలికె దాంక అక్కా, ఇయ్యాల ముగ్గుల గూడ వంగలే.”

నేను మొదటి రోజు “గంటన్నర” అన్నాను.

“గడియారం పక్కకు బెట్టుండ్రి దొరా. ఏం పని జేసె దాంక?”

ఆలోచించి, “పేపరు చదివే దాక” అన్నాను.

“నిలబడి సదివిండ్రా, కూసోని సదివిండ్రా?”

“పేపరు ఎవరన్న నిలబడి చదువుతరా?”

“గందుకే గంటన్నర.”

మల్లేశం నవ్విన నవ్వు గుంపులోకి వచ్చి పడింది, వెనక గొర్ల అరుపులతో సహా. మర్నాటినుంచి పేపరు గోడకు ఆనించి నిలబడి చదివాను. ఆమె చెప్పిందని కాదు. నవ్వు ఇంకోసారి వినాలని లేదు.

ఇదేమంత పెద్ద విషయం అనిపించవచ్చు. కానీ ఇన్నేళ్ళలో నా నొప్పిని నేను ఇంకొకరికి చెప్పిన మాటలన్నీ డాక్టర్లకు చెప్పినవే, అవీ అడిగితేనే. డాక్టరుకు మనం మూడు నెలలకొక పూట. మధ్యలో రోజులు ఎవరివి? దిండు ఎంత పలచన ఉండాలి, బోర్లా ఎంతసేపు పడుకోవాలి, వేడినీళ్ళు ముందా నడక ముందా, కన్ను ఎర్రబడితే కళ్ళకలక అనుకుని ఊరుకోకుండా ఎందుకు అదే రోజు పరుగెత్తాలి, ఇవన్నీ ఒకరు పడి ఇంకొకరికి చెప్పినవి. అందరూ ఒకేలాంటి పొద్దు చూసి వచ్చినవాళ్ళు. “అట్ల ఉంటదా?” అని ఎవరూ అడగరు.

ఒకసారి ఎవడో కొత్తగా చేరి, మూలికల నూనె రాస్తే పూసలు విడిపోతాయని నాలుగు రోజులు వరసగా ఫొటోలు పెట్టాడు. అయిదో రోజు ఆమె గొంతు: “తమ్మీ, నీ స్టేజి వచ్చింది. దిగు.” తీసేసింది. తరవాత, “రైట్ రైట్,” అంది, బస్సు కదలడానికి డ్రైవరుకు చెప్పినట్టే.

ఆమె మంచిది అని మాత్రం చెప్పను. నోరు గట్టిది. ఏడుపు భరించలేదు. పనిలేని వానాకాలంలో రఫీక్ భాయ్ ఒకనాడు పెద్ద గొంతు మెసేజ్ పెట్టాడు, సగం తెలుగు సగం ఉర్దూ, తనకు ఇక బతుకు మీద ఆశ లేదని. గుంపంతా ఊరుకోబెడుతోంది. ఆమె వచ్చి, “ఏం ఏడుస్తున్నవ్ భాయ్, దుకాణం బంజేస్కో గట్లయితె” అంది.

“అక్కా, దర్ద్ ఉంటే ఏడ్వొద్దా?” అన్నాడు ఆయన.

“ఏడ్వు. నిలబడి ఏడ్వు.”

ఆ మాటకు నొచ్చుకుని ఇద్దరు ఆడవాళ్ళు గుంపు వదిలిపోయారు. రఫీక్ భాయ్ పోలేదు. ఆ సాయంత్రం తాండూరు వీధుల్లో ఏడుస్తూ తిరిగానని, తిరిగేసరికి నడుము వదిలిందని, నడుము వదిలాక ఏడవడం మరిచిపోయానని తరవాత తనే చెప్పాడు. నొచ్చుకుని పోయిన వాళ్ళను మాత్రం ఆమె వెనక్కి పిలవలేదు. అది ఆమె తప్పే.

ఇక్కడ వరండాలోకి పోయి వచ్చాను.

మాలో కొందరికి ఇంజక్షను ఉంటుంది. చల్లగా ఉంచాలి, గడ్డకట్టకూడదు. హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. ఆమె డ్యూటీ హైదరాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా తాండూరుకు పడ్డ రోజుల్లో, ఆమె సీటు కింద ఒక ఐసు డబ్బా ఉండేది. ఎవరిది ఏ స్టేజిలో దింపాలో ఆమెకు నోటికి తెలుసు. రఫీక్ భాయ్ ఒకసారి హైదరాబాద్‌లో తనే డబ్బా సర్దుతూ తెలివికి పోయి, ఇంకా చల్లగా ఉంటుందని మందును ఐసులోకి దూర్చాడు. తాండూరు చేరేసరికి రాయి అయింది. ఆమె ఆయన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. ఆ తరవాత తన పాత చీర చింపి, ఐసును చుట్టి, మందును దానికి దూరంగా పెట్టేది.

వికారాబాద్ బస్టాండులో నా మందు నాకు అందిస్తున్నప్పుడు ఒకనాడు అడిగాను. “మీది ఏది?”

ఆడవాళ్ళనెవరినైనా మా ఇంట్లో మీరు అనే అంటాం.

ఆమె నడుస్తూ జొన్నరొట్టె తింటోంది. ఆమె కూర్చుని తినగా నేను చూడలేదు. రొట్టె చుట్టి చేతిలో పట్టుకుని బస్సు చుట్టూ తిరిగేది. “నాది లేదు,” అంది. “నాకు పడది.”

“పడదంటే?”

“చిన్నప్పుడు గుట్ట మీది దవాఖానల ఉండొచ్చిన. క్షయ. ఛాతి ఫొటోల ఇంగ మచ్చ ఉన్నది. గీ ఇంజక్షనేస్తే మల్ల లేస్తదంట అది. ముందుగాల దాని గోళీలేసి సూసిండ్రు, లివర్ పాడయితున్నదని ఆపేసిండ్రు.” అనంతగిరి వైపు చెయ్యి ఊపింది, మెడ తిప్పలేదు. “గుట్ట నన్ను ఇడిసి పెట్టలే దొరా.”

డబ్బాలో అందరివీ ఉన్నాయి, ఆమెది తప్ప. డబ్బా చూసి ఆమె కూడా అదే మందు వాడుతోందనీ, అందుకే అంత చురుగ్గా ఉందనీ మేమంతా అనుకునేవాళ్ళం. ఆమెకున్న మందల్లా బస్సు నడవ. ముందు తలుపునుంచి వెనక తలుపుదాకా, వెనక తలుపునుంచి ముందుకు.

ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ నడవ నిండిపోయింది. అది ఎవరి తప్పూ కాదు. ఆమె కూడా ఆ పథకాన్ని ఒక్క మాట అనలేదు. బొంరాస్‌పేట కోడలు పిల్ల పుట్టింటికి, దవాఖానకు తిరగగలిగింది దానివల్లే. కానీ కాలు పెట్టే చోటు లేని బస్సులో కండక్టరు ఒకచోటే ఇరుక్కుని, చేతులమీదుగా టికెట్లు అందించాల్సి వచ్చేది. పొద్దుటి మెసేజ్‌లో రొద పెరిగింది. “లోపలికి జరుగుండ్రి, జర లోపలికి జరుగుండ్రి” అని అరుపు. తరవాత మాకు, “ఆడోళ్ళ జీరో టికెట్లు కొట్టి కొట్టి ఏలు నొస్తున్నది. నడుం సంగతి అడగకుండ్రి. జరగనీకి జాగనే లేదు.”

కొన్ని నెలలకే ఆమె నడుము, మెడ ఇంకా బిగిశాయి. ఒకసారి డ్రైవరు బ్రేకు వేస్తే మెడ నిలుపుకోలేక తల కడ్డీకి కొట్టుకుంది. డిపోలో పరీక్ష చేయించారు. ఎక్స్‌రే ఫిల్ము చూసిన డాక్టరు, ఈ మెడతో కదిలే బస్సులో నిలబడితే ఒక కుదుపుకు విరుగుతుందన్నాడట. ఆయన చెప్పింది నిజమే.

ఆ తరవాత ఒక పొద్దున గొంతు మెసేజ్ వచ్చింది. వెనక ఇంజను లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె మాట్లాడక ముందే మాకు అర్థమైంది.

“తాండూరు బస్టాండ్ల కౌంటర్ల ఏసిండ్రు,” అంది. “కూసోని చెప్పుడే. ఏ బస్సు ఏడికి పోతదో.” ఎంతసేపు పట్టిందని ఆ రోజు అడగలేదు.

తరవాత రఫీక్ భాయ్: “అక్కా, ఫికర్ జెయ్యకు. నువ్వు మమ్మల్ని లేపినవ్. మేం నిన్ను లేపుతం.”

లేపే పద్ధతి అతనే కనిపెట్టాడు. గంటకొకరు ఫోన్ చెయ్యాలి, ఆమె లేచి నడవాలి. తొమ్మిదింటికి మల్లేశం, గొర్ల వెనకనుంచి. పదింటికి రఫీక్ భాయ్, పాలిష్ మిషన్ ఆపుకుని. మధ్యాహ్నం కోడలు పిల్ల. పదకొండు ఎవరూ తీసుకోకపోతే నేను తీసుకున్నాను. ఎవరికైనా నేను ముందుగా ఫోన్ చేసే అలవాటు లేదు. మా ఇంటికి జనం వచ్చేవారు, మేము పోయేవాళ్ళం కాదు.

“లేవండి” అనేవాణ్ణి.

“లేచిన దొరా.”

“నడవండి.”

“నడుస్తున్న. రైట్ రైట్.”

తరవాత నేను గుంపులో ‘లేచింది’ అని పెట్టేవాణ్ణి. రోజంతా అదే మాట పడుతూ ఉండేది, ఒకరి తరవాత ఒకరిది. కుర్చీలో పడ్డ అక్కే లేస్తుంటే తమకేం రోగమని, ఎప్పుడో వ్యాయామం మానేసిన వాళ్ళు కూడా మళ్ళీ మొదలుపెట్టారు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. మొదట ఏమిటో తెలియలేదు. రెండు మూడు రోజులు వరండాలో తిరుగుతూ ఆమె మాటను మళ్ళీ మళ్ళీ నాలో విన్నాను. అప్పుడు దొరికింది. ‘లేచిన దొరా’ అని గడగడా అంటోంది. మా జబ్బు మనిషి లేస్తూ మాట్లాడలేడు. పక్కటెముకలు కూడా బిగిసి ఉంటాయి. కుర్చీలోంచి నడుము ఎత్తే ఆ కాసేపు ఊపిరే ఆగుతుంది, ఇంక మాటెక్కడిది? లేచేవాళ్ళు ముందు నోరు మూస్తారు. అది ఆమెకు తెలియనిది కాదు. ఫోన్‌లో అంత దూరం కనపడదనుకుంది.

గుంపులో అనలేదు. వాయిదా లేకపోయినా మర్నాడు తాండూరు బస్సెక్కాను, నిలబడే పోయాను.

బస్టాండులో సన్నగా చినుకులు పడుతున్నాయి. కౌంటరు ముందు వరస ఉంది. నేనూ వరసలో నిలబడ్డాను. ముందున్న వాళ్ళ భుజాల మీదుగా, కిటికీ జాలీ వెనక ఆమె కనపడింది. సగానికి సగం అయింది. గడ్డం ఛాతీకి దగ్గరగా వంగింది. పదకొండు అయింది. ఫోన్ చేశాను. ఆమె బల్ల మీదినుంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకోవడం చూస్తున్నాను.

“లేవండి.”

“లేచిన దొరా.” కుర్చీలోంచి కదలనే లేదు.

“నడుస్తున్నరా?”

“ఆఁ, బైటికొచ్చిన. ఎండ మస్తున్నది గీడ.”

నా వంతు వచ్చింది. ఆమె తల ఎత్తలేదు. “ఏ ఊరు?” అంది.

“వికారాబాద్.”

నడుము పైన ఉన్నంత మనిషినీ వెనక్కి వాల్చి నన్ను చూసింది. చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. నా చెవి దగ్గరిదీ అలాగే ఉంది.

వెనకనుంచి ఎవరో, “ఓ పెద్దమనిషీ, జర జరుగు! బస్సు పోతది!” అన్నాడు.

“ఆగు తమ్మీ,” అంది ఆమె వాడితో. తరవాత నాతో, చిన్నగా: “బల్ల పట్టుకోని, గోడ పట్టుకోని లేస్తుంటే జనం జూస్తున్నరు దొరా. మొన్న ఒక పోరడు నవ్విండు. గీ బస్టాండ్ల నేను ఎట్ల తిరిగిన మనిషిని?”

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

“గ్రూపుల చెప్పకుండ్రి,” అంది. “నేను లేస్తలేనని తెలిస్తే ఆళ్ళు గూడ లేవుడు బంజేస్తరు.”

పక్క తలుపు తెరుచుకుని లోపలికి పోయాను. నేను ఎవరినీ చెయ్యి పట్టి లేపి ఎరగను. మోచెయ్యి ముందుకు పెట్టాను. “పట్టుకోండి.”

“మీకేడిది నడుం? ఇద్దరం పడతం.”

“పడితే ఇద్దరం పడదం. లేవండి.”

నా చెయ్యి పట్టుకుంది. ఇనప కుర్చీ నాపరాయి మీద కీచుమని వెనక్కి జరిగింది. ఆమె నోరు మూసుకుంది. ఊపిరి ఆగింది, నా చెయ్యి మీద వేళ్ళు బిగిశాయి, చాలాసేపటికి పైకి వచ్చింది. నా నడుములో ఏదో కలుక్కుమంది. ఇద్దరం బయటికి వచ్చి, ప్లాట్‌ఫారం పొడుగునా నడిచాం. మెడలు తిరగవు కాబట్టి పక్కపక్కనే నడుస్తున్నా ఒకరికొకరం కనపడం. ముందుకు చూసుకుంటూ మాట్లాడుకోవాల్సిందే.

“మనల్ని జూసి ఏమనుకుంటున్నరో ఎర్కనా?” అంది.

“ఏమని?”

“ఎంత పొగరు గీ ఇద్దరికి, ఒకల మొకం ఒకలు జూస్తలేరు అని.”

నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు లాగుతాయి. లాగినా నవ్వాను. కౌంటరు దగ్గర వరస అరుస్తోంది, యాలాలకు బస్సెప్పుడని. ఆమె వెనక్కి తిరగకుండానే, పాత గొంతుతో, “వస్తది, ఆగుండ్రి! మేం గూడ వస్తున్నం!” అని అరిచింది.

ఆమె మాట ప్రకారం గుంపులో ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇప్పుడు ఆ మాట తెలిసినందువల్ల ఎవరూ లేవడం మానరని నాకు నమ్మకం.

మర్నాడు పదకొండింటికి వికారాబాద్‌నుంచి ఫోన్ చేశాను.

“లేవండి.”

“లేచిన దొరా,” అంది గడగడా.

“లేవలేదు,” అన్నాను.

అవతల ఎవరో కోస్గి బస్సు గురించి అడుగుతున్నారు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ చెవి ఒగ్గి ఉన్నాను. కొంతసేపటికి రాయి మీద కుర్చీ కీచుమంది. ఆ తరవాత మాట లేదు, ఊపిరి కూడా లేదు. అప్పుడు నమ్మాను.